కర్పూరం ముట్టని చెయ్యి

గువ్వలగుట్ట ఆశ్రమంలో వీరదాసు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి పెద్ద ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆత్మ ఎక్కడుంటుంది స్వామీ అని అడిగినవాడు ఆ పూటంతా కూర్చుని వేరుశనక్కాయలు వొలిచి వెళ్లాడు. మోక్షం ఎన్నాళ్లకి వస్తుందని అడిగిన రిటైర్డు తహసీల్దారు గారు గొడ్లపాక ఊడ్చి, నడుము పట్టుకుని, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఆయనకి జవాబు దొరికిందో, అడగాలన్న సరదా తీరిందో ఆయనకే తెలియాలి. అయినా జనం వచ్చేవారు, అడిగేవారు, పని చేసేవారు. ఆశ్రమంలో ఏ పనీ ఆగేది కాదు. మనలో మాట, లోకంలో ప్రశ్నలకి కొదవేముంది కనుక.

ఆ ఆశ్రమానికి పరంధామం అన్నీ తానే. వయసు నలభై లోపు. తాలూకా ఆఫీసులో గుమాస్తా పని వదిలేసి గురువు గారి దగ్గరికి వచ్చాడు గానీ, గుమాస్తా పని మాత్రం అతన్ని వదల్లేదు. ఎక్కడ ఖాళీ గోడ కనిపిస్తే అక్కడ నీలం రంగుతో ఒక బోర్డు రాయించేవాడు. చెప్పులు ఇక్కడ విడువవలెను. విడిచిన చెప్పులు వరసలో ఉంచవలెను. వరసలోని చెప్పులను కదిలించరాదు. వీరదాసు గారు ఆ బోర్డులన్నీ ఓపిగ్గా చదివి, తన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లిపోయేవారు.

అన్నిటిలోకీ పరంధామం మురిసిపోయే బోర్డు గుడి ముందరిది. మధ్యాహ్న హారతి గంట వినిపించగానే ఎక్కడివారు అక్కడే ఆగి, చేతిలోని పని విడిచి, రెండు చేతులూ జోడించవలెను. ఏడాది తిరిగేసరికి ఆ నియమం జనానికి ఎంత ఒంటబట్టిందంటే, గంట మోగితే చాలు, చేటలు కిందపడేవి, చీపుర్లు కిందపడేవి. క్షవరం చేసేవాడు కత్తి పక్కన పెట్టి దండం పెట్టేవాడు, సగం గడ్డం గీయించుకున్న మనిషీ అలాగే పెట్టేవాడు. తలలో ఆలోచన పుట్టకముందే చేతులు లేచిపోయేవి. పరంధామం అది చూసి, భక్తి అంటే ఇలా ఎముకల్లోకి దిగాలి అనుకునేవాడు.

వంటశాలలో ఉండే అక్కులమ్మ ఒక్కతే ఎగనామం పెట్టేది. ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఆవిడ. కానీ గంట మోగేవేళకి పొయ్యి మీద పాలుంటే చేతులు జోడించేది కాదు, గరిటె వదిలేది కాదు. పరంధామం నిలదీస్తే, "పాలు పొంగిపోతే నైవేద్యానికి నీ బోర్డు పెడతావా నాయనా," అనేది. ఈవిడకి భక్తి ఉంది గానీ క్రమశిక్షణ లేదని పరంధామం తీర్మానించి ఊరుకున్నాడు.

ఇలా ఉండగా ఆ వేసవిలో ఆశ్రమం బావి మొరాయించింది. తొమ్మిది నిలువుల లోతు బావి అది. నిలువంటే ఒక మనిషి ఎత్తు. అడుగున పూడిక చేరి, బొక్కెన వేస్తే నీళ్లకి బదులు కాఫీరంగు బురద వస్తోంది. పూడిక తీయడంలో ఎర్రదొడ్డి ఓబులేసు జట్టుకి మించిన జట్టు ఆ చుట్టుపక్కల లేదు. ఇరవై ఏళ్లలో ఆ జట్టు దిగని బావి లేదు, ఒక్క మనిషి కాలైనా విరగలేదు. పరంధామం కబురు పంపాడు. పంపిన తర్వాత తెలిసింది అతనికి, ఆ ఓబులేసు గుడి గడప తొక్కడని, బొట్టు పెట్టడని, ఎవరైనా దేవుడి మీద ఒట్టేస్తే నవ్వుతాడని.

పరంధామానికి ఆ రోజు అన్నం సహించలేదు. వీరదాసు గారు వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"స్వామీ, దేవుడంటే నమ్మకం లేనివాడి మాట ఎలా నమ్మడం? మంచివాడే కావచ్చు. కానీ చూసేవాడు ఒకడున్నాడన్న భయం లేకపోతే ఎన్నాళ్లని మంచిగా ఉంటాడు? బావిలో మనిషిని దించి మోకు వాడి చేతికివ్వాలి. రేపు చెయ్యి వదిలేస్తే ఎవరికి జవాబు చెప్తాడు వాడు?"

వీరదాసు గారు గింజ తీసి పక్కన పడేశారు. "బావి పని నువ్వే చూడు. మొదటి తట్ట నుంచి చివరి తట్ట దాకా అక్కడే ఉండు," అన్నారు. అంతే. పెద్ద ప్రశ్న కదా, పెద్ద పనే దొరికింది.

మర్నాడు పొద్దున జట్టు వచ్చింది. ఓబులేసు యాభై ఏళ్ల మనిషి. పొట్టిగా, వెడల్పుగా, పాతిన రాయిలా ఉంటాడు. అరచేతులు చెప్పుల అడుగుల్లా ఉన్నాయి. బావిలోకి దిగేది అతని బావ లింగమయ్య, సన్నగా పొడుగ్గా ఉంటాడు. పైన తట్టలు అందుకునేవాళ్లు మరో ఇద్దరు. బావి మీద అడ్డదూలానికి గిరక బిగించారు, గిరక మీదుగా మోకు వేశారు, మోకు కొసకి మనిషి కూర్చునే పీట కట్టారు. ఆ తర్వాత ఓబులేసు చిన్న లాంతరు వెలిగించి, దారం కట్టి, నెమ్మదిగా బావిలోకి దించాడు.

పరంధామం మొహం విప్పారింది. "అనవసరంగా ఆడిపోసుకుంటారు జనం. గంగమ్మకి దీపం పెట్టకుండా పని మొదలుపెట్టడు చూడండి," అన్నాడు.

ఓబులేసు లోపలికే చూస్తూ, "గాలి ఉందో లేదో చూస్తాండా సామీ," అన్నాడు. "అడుగున చెడ్డ గాలి ఉంటే దీపం ఆరిపోతాది. దీపం ఆరితే మనిషీ ఆరతాడు."

పరంధామం మొహం మళ్లీ ముడుచుకుంది. గుడిలోంచి పళ్లెం తెప్పించాడు, అందులో కర్పూరం వెలిగించి ఓబులేసు ముందు పెట్టాడు.

"ఇది ముట్టి చెప్పు, మోకు వదలనని."

"మోకు వదలను."

"ముట్టి చెప్పమంటున్నా."

"ముట్టకుండానే చెప్పినా కదా సామీ. ముడితే ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటానా?"

"అదేం మాట. అబద్ధమాడితే పైనున్నవాడు చూస్తాడన్న భయం ఉండాలి కదా మనిషికి."

"పైనున్నోడి సంగతి నాకు తెల్దు. కిందుండేది మా బావ. వాడు చూస్తాడు."

జట్టులో ఎవడో కిసుక్కుమన్నాడు. పరంధామం చెవులు ఎర్రబడ్డాయి. "కిందున్నవాడు నీ బావ కాకపోతే?"

ఓబులేసు మొదటిసారి తలెత్తి అతన్ని చూశాడు. "కిందున్నోడు కిందున్నోడే సామీ. వాని ఇంటి పేరు అడిగి మోకు పట్టుకోం మేము."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే జరగబోయేది అర్థం కాదు. పూడిక తీసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. మోకు ఎవరు పట్టాలో మేస్త్రీ చెప్పడు, బావి యజమాని చెప్పడు. దిగేవాడే చెప్పాలి. పీట మీద కూర్చుని, నలుగురికీ వినపడేలా ఒక పేరు పిలవాలి. ఆ పేరుగలవాడు మొదటి చెయ్యి వేస్తేనే మోకు కదులుతుంది. ప్రాణం ఎవరిదో ఎంపిక వాళ్లదే, అంతే. లింగమయ్య పీట మీద కూర్చుని, ఇరవై ఏళ్లుగా పిలిచే పేరే పిలిచాడు, "ఓబులేసూ."

"కుదరదు," అన్నాడు పరంధామం. "కర్పూరం ముట్టని చెయ్యి ఈ ఆశ్రమంలో మోకు ముట్టదు. మా భజన జట్టు ఉంది. కోదండపాణి ఉన్నాడు, రోజుకి వెయ్యిసార్లు రామనామం రాసే మనిషి. ఆయన పేరు పిలువు."

లింగమయ్య కోదండపాణిని ఎగాదిగా చూశాడు. కోదండపాణి నిజంగానే మంచివాడు, బలమైనవాడు, తాళం వేస్తే గుట్ట అవతలికి వినిపించేది. లింగమయ్య పీట దిగి, తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. "రాసేది ఆయప్ప చెయ్యి. దిగేది నా పానం. నేను దిగను సామీ." జట్టులో మిగతా ఇద్దరూ పోయి పార మీద ఒకడు, తట్ట మీద ఒకడు కూర్చున్నారు.

బావి చుట్టూ పాతికమంది చేరారు. వీరదాసు గారు కూడా చింతపండు చేట పట్టుకుని వచ్చి, నీడ చూసుకుని కూర్చున్నారు. పరంధామం ఆయన వైపు చూశాడు. ఆయన గింజ తీస్తున్నారు. ఒక్క మాట అంటే బాగుండును, ఆయన అనలేదు. అప్పుడు పరంధామానికి పట్టుదల వచ్చింది. వెనక్కి తగ్గితే ఈ నాస్తికుడి ముందు తన నమ్మకం నేలపాలైనట్టే. పంచె ఎగ్గట్టాడు.

"మీరెవరూ దిగక్కర్లేదు. నేనే దిగుతా. దిగేవాడే కదా పేరు పిలవాల్సింది? కోదండపాణీ."

కోదండపాణి కళ్లు చెమర్చాయి. అంత నమ్మకం తన మీద ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. అతను, భజన జట్టులో మరో ముగ్గురు, చేతులు కడుక్కుని, కర్పూరం ముట్టి, కళ్లకద్దుకుని, మోకు దగ్గర వరసగా నిలబడ్డారు. ఓబులేసు అడ్డం వచ్చాడు.

"సామీ, ఒక మాట. హారతి అయిపోయినాక దిగు. ఇంక అరగంట కూడా లేదు."

"హారతి మాట నీకెందుకు?"

"నాకెందుకో అదే చెప్తాండా. హారతి గంటప్పుడు ఈళ్లంతా..."

"చాలు," అన్నాడు పరంధామం. "దేవుడి మీద నమ్మకం లేకపోతే లేకపోయింది. హారతి మీద వెటకారం మాత్రం నా ముందు చెయ్యకు. నీ సామాను తీసుకుని వెళ్లు."

ఓబులేసు పక్కకి జరిగాడు. సామాను తీసుకోలేదు. "పోతాలే. హారతి గంట అయినాకనే పోతా," అన్నాడు.

"కూర్చో నాయనా, నీడ అక్కడుంది," అన్నారు వీరదాసు గారు. ఆయన వేలు పెట్టి చూపించింది మోకు తోక పడి ఉన్నచోట, గొడ్లని కట్టేసే రాతి గుంజ పక్కన. ఓబులేసు వెళ్లి ఆ గుంజని ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. పీట మీద కూర్చున్న పరంధామం అది చూసి మెత్తబడ్డాడు. హారతి చూడకుండా కదలనంటున్నాడు, ఏ మూలో కాస్త భక్తి ఉన్నట్టే ఉంది, సాయంత్రం పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పాలి అనుకుంటూ బావిలోకి దిగాడు.

దిగుతుంటే తెలిసింది అతనికి బావి అంటే ఏమిటో. పైనుంచి చూస్తే అది నీళ్లుండే చోటు. లోపల్నుంచి చూస్తే అది ఆకాశం చిన్నదైపోయే చోటు. రెండు నిలువులు దిగేసరికి పావురాలు రెక్కలు కొట్టుకుంటూ ముఖం మీదుగా ఎగిరిపోయాయి. నాలుగు నిలువులు దిగేసరికి రాళ్ల సందుల్లోంచి చల్లటి చెమ్మ ఒంటికి తగిలింది. ఆకాశం ముందు చేటంత అయింది, ఆ తర్వాత పళ్లెమంత. పైన కోదండపాణి జట్టు లయ తప్పకుండా రామా హరే, రామా హరే అంటూ మోకు వదులుతున్నారు. ఒక్కొక్క నామానికి ఒక్కొక్క జానెడు. పీట అటూ ఇటూ ఊగడం లేదు. పరంధామానికి గర్వంగా కూడా అనిపించింది. అడుగు ఇంకో నాలుగు నిలువుల కిందుంది. అక్కడ బురదలోంచి పగిలిపోయిన బొక్కెన అంచు పైకి లేచి, కత్తిలా నిలబడి ఉంది.

అప్పుడు గుడి గంట మోగింది.

బావిలోకి ఆ చప్పుడు చాలా చిన్నగా, చాలా తియ్యగా దిగివచ్చింది. పరంధామం చేతులు రెండూ మోకు వదిలి గుండెల ముందు జోడించుకున్నాయి. జోడించాక తట్టింది అతనికి. తన చేతులు లేచాయంటే, పైన ఎనిమిది చేతులు కూడా ఈపాటికి లేచే ఉంటాయి. ఆ బోర్డు రాయించింది తనే. చేతిలోని పని విడిచి, అని రాయించింది కూడా తనే. నామం ఆగిపోయింది. పైన ఏ చప్పుడూ లేదు. గిరక మాత్రం కిర్రుమంది.

కిందికి జారిపోతూ అతను మోకుని కావిలించుకున్నాడు. రాళ్లు పైకి పరిగెత్తాయి. ఎంతసేపో తెలియదు, బొక్కెన అంచు మాత్రం పెద్దదవుతూ కనిపిస్తోంది. ఇంతలో మోకు ఒక్కసారి బిగిసి, పీట అతని తొడల్ని విరగ్గొట్టినంత పని చేసి ఆగింది. నిలువున్నర దూరం పడ్డాడు. గాలిలో గిర్రున తిరుగుతూ వేళ్లాడుతున్నాడు.

పైన ఏం జరిగిందంటే, గంట మోగడం, నలుగురూ మోకు వదిలి కళ్లు మూసుకుని చేతులెత్తడం ఒక్కసారే జరిగాయి. మోకు తోక పాములా జరజరా పాకింది. గుంజ దగ్గర కూర్చున్న ఓబులేసు లేవలేదు కూడా, కూర్చున్నచోటే ఆ పరిగెత్తే మోకుని రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుట్టు గుంజకి వేసి, రెండు కాళ్లూ గుంజకి తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మజ్జిగ కడవతో వస్తున్న అక్కులమ్మ కడవని అక్కడే వదిలేసి, అది పగిలిందా లేదా అని కూడా చూడకుండా, తోక కొస పట్టుకుని నేల మీద కూలబడింది. గుడిలో గంట ఇంకా మోగుతూనే ఉంది. "ఉండు రామయ్యా, వస్తున్నా," అంది ఆవిడ గుడివైపు చూసి, మోకు వదలకుండా.

కొంతసేపటికి పై నుంచి ఓబులేసు గొంతు వినిపించింది. "సామీ, ఉండావా?"

"ఉన్నా," అన్నాడు పరంధామం.

"దెబ్బ ఏమన్నా తగిలిందా?"

"లేదు."

"కర్పూరం ఏమన్నా ముట్టాల్నా?"

పైన లింగమయ్య నవ్వు వినిపించింది. చీకటి కాని చీకట్లో, చెమ్మరాళ్ల మధ్య, పళ్లెమంత ఆకాశం కింద పరంధామం ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నాడు.

"పైకి లాగు," అన్నాడు.

"అది కుదరదు సామీ," అంది ఆ గొంతు. "నువ్వు దిగింది కోదండపాణి పేరు మీద. పద్ధతి ప్రకారం ఈ మోకు నేను కదపకూడదు. జారతా ఉంటే పట్టుకున్నా, అంతవరకే. కదపాలంటే దిగినోడు పేరు పిలవాల."

"పిలవకపోతే?"

"పిలవకపోతే ఇట్లే పట్టుకోనుంటా. భయపడొద్దు. నువ్వు పిలిచినా పిలవకపోయినా వదలను. కదపను, అంతే."

పరంధామం కళ్లు మూసుకున్నాడు. ఈ గొంతులో బెదిరింపు ఉంటే బాగుండును, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. బతిమాలడం ఉన్నా బాగుండును, క్షమించడానికి వీలుండేది. రెండూ లేవు. పొద్దున కర్పూరం ముందు మోకు వదలను అన్నప్పుడు ఎలా అన్నాడో ఇప్పుడూ అలాగే అన్నాడు. అప్పుడు ఆ మాట చాల్లేదు తనకి. ఇప్పుడు తన బరువంతా ఆ మాట మీదే వేళ్లాడుతోంది, అది ఎక్కడా సాగడం లేదు. పైన పాతికమంది వింటున్నారు. గురువు గారు వింటున్నారు. అతను మూడుసార్లు ఊపిరి పీల్చుకుని వదిలాడు.

"ఓబులేసూ," అని పిలిచాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు. పైకా?"

"కిందికి," అన్నాడు పరంధామం. "తట్ట దించు. మొదటి తట్ట నిండందే పైకి రాను."

లింగమయ్య తట్టలో పార పెట్టి వేరే తాడుతో దించాడు. తర్వాత ఓబులేసు, "బొక్కెన అంచు ఎడంపక్కనుంది, కాలు చూసి పెట్టు సామీ," అన్నాడు. పీట అంగుళం అంగుళంగా దిగింది.

అతను ఒంటినిండా బురదతో పైకి వచ్చేసరికి కోదండపాణి గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "అయ్యా, నేను ఎత్తలేదయ్యా చేతులు, వాటంతటవే లేచాయి. రాముడి మీద ఒట్టు."

"నావీ లేచాయి," అన్నాడు పరంధామం, అతని భుజం మీద బురదచెయ్యి వేసి. ఆ మాటలో కోపం లేదు. అబద్ధమాడే మనిషి కాదు కోదండపాణి. పట్టుకుంటానని కర్పూరం ముట్టింది నిజంగానే, వదిలేసింది నిజంగానే.

అక్కులమ్మ కలబంద మట్ట చీల్చి ఓబులేసు అరచేతులకి రాస్తోంది. మోకు ఒరుసుకుపోయి, అంత మందపు చర్మమూ లేచిపోయి, ఎర్రగా కనిపిస్తున్నాయి ఆ చేతులు. పరంధామం వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు హారతి కోసం కూర్చున్నావనుకున్నాను," అన్నాడు.

"హారతి కోసమే కూర్చున్నా సామీ," అన్నాడు ఓబులేసు. "ఈ ఆశ్రమంలో గంట కొడితే ఏం జరుగుతాదో మా ఊరికంతా తెలుసు. పోయిన నెల మా వదిన ఇక్కడే కొబ్బరికాయ కాలి మీద పడేసుకునింది."

మర్నాడు పని మామూలుగా సాగింది. లింగమయ్య పీట మీద కూర్చుని ఓబులేసు పేరు పిలిచాడు. ఓబులేసు అరచేతులకి గుడ్డ పేలికలు చుట్టుకుని మొదటి చెయ్యి వేశాడు. ఎవరూ కర్పూరం తేలేదు. పరంధామం వచ్చి అడక్కుండానే రెండో చెయ్యి వేశాడు. ఓబులేసు వెనక్కి చూసి, "కాళ్లు ఇంకాస్త ఎడంగా పెట్టు," అని మాత్రం అన్నాడు. వీరదాసు గారు తన చేటతో నిన్నటి నీడలోనే కూర్చున్నారు. చింతపండు ఇంకా బోలెడుంది.

మధ్యాహ్నం గంట మోగింది. గట్టు మీద ఉన్నవాళ్లంతా చేతులెత్తారు. కోదండపాణి మోకుకి దూరంగా, జాగ్రత్తగా నిలబడి ఎత్తాడు. పరంధామం చేతులు మోకు మీదే ఒక్కసారి అదిరాయి. వేళ్లు విచ్చుకోబోయాయి. కింద తొమ్మిది నిలువుల లోతులో లింగమయ్య పార చప్పుడు వినిపిస్తోంది. వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. గంట ఆగేదాకా అతను అలాగే బిగపట్టి నిలబడ్డాడు, చెమట కళ్లలోకి కారుతున్నా.

గంట ఆగాక అతని ముఖం వెలిగిపోయింది. ఏదో తట్టిందన్నమాట.

"స్వామీ, నా ప్రశ్నకి జవాబు దొరికింది," అన్నాడు గురువు గారితో. "ఓబులేసుకి తెలియదు గానీ, అతను చేసేదీ దండమే. మోకు పట్టుకోవడమే అతని హారతి. నమ్మకం లేదని పైకి అంటాడు, లోపల్లోపల అతనూ భక్తుడే."

వీరదాసు గారు ఇంకో గింజ తీశారు. జవాబు మోకు ముందు కొసనుంచి వచ్చింది. ఓబులేసు వెనక్కి తిరగలేదు, చూపు బావి మీదే ఉంది.

"నాకు దేవుడు లేడని నిన్న నా చేతిలో మోకు లాక్కుంటివి. మోకు పట్టుకున్నానని ఈ పొద్దు నాకు దేవుణ్ణి అంటగడతాండావు. ఎందుకు సామీ నీకీ కష్టం? దండం పెట్టేటోళ్లను పెట్టుకోనీ, నేను వద్దన్నానా. అక్కులమ్మక్క పెట్టుకుంటాది, మోకూ పట్టుకుంటాది, అది ఆయమ్మ ఇష్టం. నాది మాత్రం దండం గాదు. మోకు."

పరంధామం నోరు తెరిచాడు. కిందనుంచి లింగమయ్య కేక వినిపించింది, "మాటలాపి లాగండ్రా, తట్ట నిండి ఎంతసేపాయె."

పరంధామం సాయం కోసం గురువు గారి వైపు చూశాడు. వీరదాసు గారు చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నారు.

"విన్నావుగా, అది మోకే," అన్నారు. "గట్టిగా పట్టుకో."